ఫలకాల అంచులకు దూరంగా ఉన్నచోట భూకంప ప్రమాదం ఎంత? కొత్తగూడెంలో ఇల్లు కట్టబోతున్నవారికి సమాధానం

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. 2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపానికి కొత్తగూడెంలో మీ ఇల్లు కదిలింది. హిమాలయాలకు వెయ్యి కిలోమీటర్లకు పైనే దూరంలో ఉన్న మనకు భూకంపం ఎందుకు వస్తుందన్నది మొదటి ప్రశ్న. దానికి సింగరేణి తవ్వకాలే కారణమా, ఇంతకంటే పెద్దది వచ్చే అవకాశముందా అన్నది రెండోది. మూడోది మీ ఇంటి విషయం: జీ ప్లస్ టూ ఇంటికి పునాదులు తీయబోతున్నారు, మేస్త్రి మాత్రం "మనవైపు భూకంపాల లెక్కలు అక్కర్లేదు సార్" అంటున్నాడు, అదీగాక కర్నూలు జిల్లాలోని సొంతూళ్లో మీ అమ్మగారు రాతిగోడల మట్టిమిద్దెలో ఉంటున్నారు. కట్టడాల ఇంజనీరుగా నాకు ఎక్కువ అనుభవం ఉన్నది మూడో ప్రశ్నలోనే. అయితే మొదటి రెండింటికీ సమాధానం తెలియకుండా మూడోదానికి చెప్పే జాగ్రత్తలు చాదస్తంగా కనిపిస్తాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోస్తున్న భూమి పైపొర ముక్క, ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల వేగంతో ఉత్తరంగా జరుగుతూ యురేషియా ఫలకాన్ని నెడుతోంది. ఆ రాపిడిలో ఎక్కువ భాగం హిమాలయాల కిందా, వాటికి ఉత్తరానా ఖర్చవుతుంది. అందుకే పెద్ద భూకంపాలన్నీ అక్కడే వస్తాయని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. అది చాలావరకు నిజమే గానీ, నెట్టుడు అంచు దగ్గర ఆగిపోదు. ఫలకం మొత్తం ఒకే గట్టి శిల కనుక, ఆ ఒత్తిడి దక్కను పీఠభూమి మీదుగా దక్షిణం దాకా పరచుకుని ఉంటుంది. ఒత్తిడి అంతటా ఉన్నప్పుడు తెగేది అంతటా కాదు, ఎక్కడ పూర్వం అతుకు పడిందో అక్కడే. ద్వీపకల్పంలో అలాంటి పాత అతుకులు చాలా ఉన్నాయి, వాటిలో స్పష్టమైనది మీ ఊరి కిందనే ఉంది.

ప్రాణహిత, గోదావరి లోయ అని మనం పిలుస్తున్నది నది కోసిన లోయ మాత్రమే కాదు. 25 నుంచి 30 కోట్ల సంవత్సరాల కిందట, భారతదేశం ఇంకా ఆఫ్రికా, అంటార్కిటికాలతో కలిసి గోండ్వానా భూఖండంలో భాగంగా ఉన్న కాలంలో, ఇక్కడ భూపటలం సాగి, చీలి, మధ్యభాగం కిందికి కుంగింది. ఆ కుంగిన తొట్టిలో ఇసుక, ఒండ్రు, అడవుల శిథిలాలు పొరలు పొరలుగా పేరుకున్నాయి. రామగుండం నుంచి మణుగూరు, కొత్తగూడెం దాకా సింగరేణి తవ్వుతున్న బొగ్గు ఆ అడవులదే. అంటే బొగ్గు ఎక్కడ దొరుకుతోందో అక్కడ భూమి ఒకప్పుడు చీలిందన్నమాట. తొట్టికి రెండు పక్కలా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే భ్రంశాలు, అంటే శిల తెగి జారిన చీలికలు, నేటికీ ఉన్నాయి. ఒకప్పుడు సాగదీత వల్ల తెరుచుకున్న ఆ చీలికల మీద నేడు హిమాలయాల వైపు నుంచి వచ్చే నొక్కుడు పనిచేస్తోంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం, 55 ఏళ్ల తరువాత ములుగులో వచ్చినది, రెండూ ఈ లోయవే.

ఇది మన ఒక్కరి కథ కాదు. 1811, 1812 సంవత్సరాల్లో అమెరికా నడిబొడ్డున మిసిసిపీ నది ఒడ్డునున్న న్యూ మాడ్రిడ్ ప్రాంతాన్ని కుదిపేసిన భూకంపాలు కూడా ఇలాగే పూడిపోయిన ఒక పాత చీలికలోనే పుట్టాయి. 2001 జనవరి 26న 7.7 తీవ్రతతో వచ్చిన భుజ్ భూకంపం కచ్‌లోని జురాసిక్ కాలపు చీలికలో వచ్చింది. 1997 మే 22న జబల్‌పూర్‌ను కుదిపినది నర్మదా, సోన్ లోయల మీద పడిన అతుకు. అయితే బయటికి కనిపించే చీలికలేని చోటా భూమి తెగగలదని 1993లో మహారాష్ట్రలోని కిల్లారి నేర్పింది. దాని దగ్గరికి తరువాత వస్తాను.

అంచులకు దూరంగా ఉన్నచోట ప్రమాదాన్ని అంచనా వేయడం ఎందుకు కష్టమో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మీ మేస్త్రి మాటకు మూలం అక్కడే ఉంది. హిమాలయాల్లో ఒత్తిడి ఎంత వేగంగా పేరుకుంటోందో జీపీఎస్ యంత్రాలతో కొలవవచ్చు. అదే హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో ఉన్న జీపీఎస్ కేంద్రానికీ, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఉన్న కేంద్రానికీ మధ్య దూరాన్ని ఏళ్ల తరబడి కొలిచినా చెప్పుకోదగ్గ మార్పు కనిపించదు. ఇక్కడ ఒత్తిడి పేరుకోవడం అంత నెమ్మది. ఒక భ్రంశం ఒకసారి తెగితే మళ్లీ తెగడానికి వేల ఏళ్లు, కొన్నిచోట్ల పదుల వేల ఏళ్లు పట్టవచ్చు. భూకంప లేఖినులు వచ్చి నూరేళ్లు దాటిందంతే. శాసనాలు, గ్రంథాలు కలుపుకున్నా మన జ్ఞాపకం కొన్ని శతాబ్దాలకు మించి నమ్మకంగా పోదు. కాబట్టి "మా తాతల నాటి నుంచీ ఇక్కడ ఏమీ రాలేదు" అన్న మాట నిజమే అయినా, ఆ భ్రంశం లెక్కలో అది చాలా చిన్న కాలం.

చైనా ఉత్తర మైదానంలో రెండు వేల ఏళ్లుగా భూకంపాలను రాసిపెట్టిన రికార్డులున్నాయి. వాటిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు గమనించినదేమిటంటే, పెద్ద భూకంపాలు ఒక భ్రంశం నుంచి వందల కిలోమీటర్ల దూరంలోని మరో భ్రంశానికి మారుతూ వచ్చాయే తప్ప, అంత కాలంలో ఒకేచోట రెండుసార్లు పెద్ద భూకంపం రాలేదు. ఆస్ట్రేలియాలో టెనెంట్ క్రీక్ అనే ఊరి దగ్గర 1988 జనవరి 22న ఒక్క రోజు కూడా పూర్తికాకముందే 6కు పైబడిన భూకంపాలు మూడు వచ్చాయి. నేల పగిలి ఒక పక్క పైకి లేవగా, ఆ దారిన పోతున్న గ్యాస్ పైపులైను నొక్కుకుపోయి వంకర తిరిగింది. ముందుగా ఎవరైనా ప్రమాద పటం గీసి ఉంటే ఆ చోటును ప్రత్యేకంగా గుర్తించి ఉండేవారు కాదు.

మన పటాలకూ ఇదే జరిగింది. 1967కు ముందు మహారాష్ట్రలోని కోయనా ప్రాంతాన్ని ప్రశాంతమైనదిగానే లెక్కించారు. ఆ ఏడాది డిసెంబరు 11 తెల్లవారుజామున 6.3 తీవ్రతతో భూకంపం వచ్చి రెండు వందల మంది దాకా చనిపోయాక పటంలో దాన్ని ఎక్కువ ప్రమాదమున్న పై భూకంప మండలంలోకి (జోన్‌లోకి) మార్చారు. కిల్లారి 1993 దాకా దేశంలోనే అతి తక్కువ ప్రమాదమున్న ఒకటో మండలంలో ఉండేది. ఆ తరువాత 2002లో సవరించిన పటంలో ఒకటో మండలాన్నే ఎత్తేసి రెండో దానిలో కలిపేశారు. నా దృష్టిలో ఆ ఒక్క సవరణలో ఉన్నంత నిజాయితీ మిగతా పటమంతటిలో లేదు: ద్వీపకల్పంలో భూకంపం రాదని చెప్పగలిగిన చోటు లేదని ఒప్పుకోవడమే అది. మండలం సంఖ్య తక్కువైతే భూకంపాలు అరుదని అర్థం. వచ్చినప్పుడు అది చిన్నదే అవుతుందని అందులో ఎక్కడా హామీ లేదు.

ఇక రెండో ప్రశ్న. ములుగు భూకంపం పుట్టింది సుమారు 40 కిలోమీటర్ల లోతున. బొగ్గు గనుల లోతు వందల మీటర్లలో ఉంటుంది. గనుల్లో పేలుళ్ల వల్ల, పైకప్పు కుంగడం వల్ల చిన్న చిన్న ప్రకంపనలు వస్తాయి. వాటిని పరిసర గ్రామాలవాళ్లు గుర్తుపట్టగలరు కూడా. కానీ 40 కిలోమీటర్ల కింద 5.3 తీవ్రతతో శిల తెగడానికి వాటితో సంబంధం లేదు. అంతకు మూడు నెలల ముందు తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు కూలిపోయిన ఘటనను కూడా కొందరు దీనితో ముడిపెట్టారు. అది పెనుగాలి పని, భూమిది కాదు.

మనిషి పనులకూ భూకంపాలకూ సంబంధం అసలే లేదని మాత్రం అనుకోవద్దు. కోయనాలో 103 మీటర్ల ఎత్తు ఆనకట్ట కట్టి 1960ల మొదట్లో జలాశయం నింపడం మొదలుపెట్టినప్పటి నుంచే ప్రకంపనలు వచ్చాయి. 1967 నాటి పెద్దదాని తరువాత కూడా, దశాబ్దాలుగా, సుమారు 30 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వెడల్పున్న చిన్న ప్రాంతంలోనే అవి కొనసాగుతున్నాయి. నీటి బరువు, పగుళ్లలోకి దిగే నీటి ఒత్తిడి కలిసి, తెగడానికి అప్పటికే సిద్ధంగా ఉన్న భ్రంశాన్ని కొంచెం ముందుగా తెగేలా చేస్తాయి. ఆ శిలలోకి మూడు కిలోమీటర్ల లోతు బోరు వేసి మన శాస్త్రజ్ఞులు పరిశీలిస్తున్నారు. హైదరాబాదు బోరబండలో 2020 అక్టోబరు కుండపోత వానల రోజుల్లో జనాన్ని రోడ్ల మీదకు తెచ్చిన చప్పుళ్లు, అతి చిన్న ప్రకంపనలు కూడా ఈ కోవలోవే: గ్రానైటు పగుళ్లలోకి వాననీరు దిగినప్పుడు అతి తక్కువ లోతులో జరిగే సర్దుబాట్లు. అవి భయపెడతాయి, ఇళ్లను కూల్చవు.

ఇంతకంటే పెద్దది వస్తుందా అంటే, రావచ్చు. ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు. తేదీతో సహా చెప్పే వాట్సాప్ సందేశం ఎవరి పేరుతో వచ్చినా పక్కన పెట్టండి. ఒక చిన్న భూకంపం వచ్చేస్తే ఒత్తిడి తీరిపోయి పెద్దది రాదన్న నమ్మకం కూడా సరికాదు. మాగ్నిట్యూడ్‌లో, అంటే ఇక్కడ తీవ్రత అని చెబుతున్న కొలతలో, ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లవుతుంది, 6.3 తీవ్రత గల భూకంపం చేసే పనిని 5.3 తీవ్రత గలవి చేయాలంటే ముప్పైకి పైగా రావాలి. ద్వీపకల్పంలో 6 చుట్టుపక్కల, ఆ పైన వచ్చినవాటికి ఉదాహరణలు కావాలంటే 1900లో కోయంబత్తూరు, 1938లో సాత్పురా, 1967లో కోయనా, 1993లో కిల్లారి ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కో చోట. కాబట్టి మీ ఇంటిని 6 స్థాయి భూకంపం దగ్గరలోనే వస్తుందనుకుని ఆలోచించడం అతి కాదు.

ములుగు కంపనం రెండు వందల కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదులోనూ తెలిసింది కదా అని మీరు ఆశ్చర్యపోయారు. ఫలకం లోపలి శిల పాతది, చల్లారినది, పగుళ్లు తక్కువైనది. అలలు అందులో ఎక్కువ దూరం బలం కోల్పోకుండా పోతాయి. 2011 ఆగస్టు 23న అమెరికా తూర్పు భాగంలో వర్జీనియాలో వచ్చిన 5.8 భూకంపానికి వాషింగ్టన్ స్మారక స్తంభం రాళ్లు పగిలాయి. కెనడా దాకా జనానికి తెలిసింది. అదే కాలిఫోర్నియాలో అయితే అంత దూరం పోదు. ఇది మనకు ప్రతికూలమైన విషయం. లోతు ఎక్కువ కావడం మాత్రం ములుగులో మనకు కలిసి వచ్చింది.

కిల్లారిలో ఆ లోతు లేదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున నాలుగు గంటలకు కొద్ది నిమిషాల ముందు, వినాయక నిమజ్జనం ముగించుకుని జనమంతా ఆదమరచి నిద్రపోతున్న వేళ, పది కిలోమీటర్లకన్నా తక్కువ లోతులో 6.2 తీవ్రతతో భూమి తెగింది. మృతుల సంఖ్య ఎనిమిది వేల నుంచి పది వేల మధ్య అని లెక్కలున్నాయి. ఏడాది ముందు, 1992లో, అక్కడ చాలా ప్రకంపనలు వచ్చాయి. కానీ అలాంటి ప్రకంపనల గుంపులు దక్కనులో తరచూ వచ్చి వాటంతటవే ఆగిపోతుంటాయి గనుక అది హెచ్చరిక అని ఎవరూ చెప్పగలిగే స్థితి లేదు. పోల్చి చూడండి: 1989లో ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ నగరం దగ్గర 5.6 తీవ్రతకు 13 మంది చనిపోయారు, వర్జీనియాలో 5.8కి ఒక్కరూ చనిపోలేదు. కిల్లారి భూకంపం వాటికంటే పెద్దదే, అయినా మృతుల్లో ఉన్న ఈ తేడాను మాగ్నిట్యూడ్ ఒక్కటే వివరించలేదు. ఆ తేడా గోడల్లో ఉంది.

ఆ గోడను దగ్గరగా చూడాలి. రెండు, రెండున్నర అడుగుల మందం ఉంటుంది కనుక బయటికి కోటగోడలా కనిపిస్తుంది. కోసి చూస్తే అది ఒక గోడ కాదు, రెండు. బయటివైపు ఒక వరుస రాళ్లు, లోపలివైపు ఒక వరుస రాళ్లు, వాటి ముఖాలు మాత్రమే చదునుగా చెక్కి ఉంటాయి. మధ్యలో చిల్లరాళ్లు, మట్టి. ఈ పక్క నుంచి ఆ పక్క దాకా పట్టి రెండు వరుసలనూ కలిపి ఉంచే పొడవు రాయి ఒక్కటీ ఉండదు. నేల కదిలిన కొన్ని క్షణాల్లో మధ్యలోని చిల్లరాళ్లు కిందికి జారి సందులో దిగ్గొట్టిన చీలలా పనిచేస్తాయి, రెండు వరుసలూ చెరో వైపుకు ఉబ్బి విడిపోతాయి. పైన కర్ర దూలాల మీద ఒకటి రెండు అడుగుల మట్టి కప్పు ఉంటుంది. గోడ విడిపోగానే అది నిద్రపోతున్నవాళ్ల మీద పడుతుంది. ఆ మట్టిలో ఊపిరాడే ఖాళీ ఉండదు. అదే ఊళ్లలో కర్ర స్తంభాల మీద కప్పు నిలిపిన ఇళ్లలో కొన్నిచోట్ల గోడలు పడిపోయినా కప్పు నిలిచింది.

మీ జీ ప్లస్ టూ సంగతికి వస్తే, గోదావరి లోయ వెంట ఉన్న మీ ప్రాంతం 2002 నాటి పటంలో మూడో మండలం. అహ్మదాబాదు కూడా అదే పటంలో మూడో మండలమే. 2001లో భుజ్ భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఆ నగరంలో, కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా పిల్లర్లు మాత్రమే నిలిపి పైన అంతస్తులు కట్టిన అపార్ట్‌మెంట్లు పదుల సంఖ్యలో కూలి వందల మంది చనిపోయారు. పై అంతస్తులు గోడలతో బిగువుగా ఉండి, కింది అంతస్తు వదులుగా ఉంటే, కదలిక అంతా ఆ పిల్లర్ల మీదనే పడుతుంది. మీరు కింద కారు పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోండి; కానీ ఆ అంతస్తును మిగతావాటిలాగే లెక్కగట్టకుండా, గోడలు ఎక్కడ రావాలో, పిల్లర్లు ఎంత పెంచాలో స్ట్రక్చరల్ ఇంజనీరుతో విడిగా చూపించుకోండి.

మూడో మండలంలో కాంక్రీటు ఫ్రేము కట్టేటప్పుడు ఐఎస్ 13920 అనే ప్రమాణాన్ని పాటించాలి. దాని వెనుకనున్న లెక్క మేస్త్రికి కూడా తెలియజేయాలి. భూకంపంలో భవనం మీద పడగల పూర్తి బలానికి మనం డిజైను చేయం. పిల్లర్లూ బీములూ విరగకుండా సాగి, వంగి శక్తిని తింటాయన్న నమ్మకంతో, ఆ బలంలో అయిదో వంతుకే డిజైను చేస్తాం. ఆ సాగే గుణం రాడ్ల చుట్టూ బిగించే రింగుల వల్ల వస్తుంది. రింగులు సరిగ్గా లేని భవనం, అయిదో వంతు బలానికి కట్టి, మిగతా నాలుగు వంతులకు ఏ ఏర్పాటూ లేనిదవుతుంది.

సైటులో చూడాల్సింది ఇది. రింగు చివరి కొక్కెం తొంభై డిగ్రీల వద్ద ఆగకుండా లోపలికి 135 డిగ్రీలు వంగి, కనీసం 65 మిల్లీమీటర్ల తోకతో పిల్లరు మధ్యలోకి పోవాలి. తొంభై డిగ్రీల కొక్కెం పైనున్న కాంక్రీటు ఊడగానే విచ్చుకుంటుంది, దానితో నిలువు రాడ్లు బయటికి వంగిపోతాయి. పిల్లరు పైభాగంలో, కింది భాగంలో, బీమును కలిసే చోట రింగుల ఎడం 100 మిల్లీమీటర్లకు మించకూడదు. మధ్యలో కొంత ఎక్కువ ఉండవచ్చు. పిల్లరు, బీము కలిసే ముడి లోపల కూడా రింగులుండాలి. అక్కడ రాడ్లు కిక్కిరిసి ఉండటంతో కూలీలు వాటిని వదిలేస్తారు, కాంక్రీటు పోశాక మీకు కనిపించదు. కాబట్టి సెంట్రింగ్ మూయకముందే వెళ్లి చూడండి, ఫోనుతో ఫొటో తీసి ఇంజనీరుకు పంపండి. నిలువు రాడ్లకు అతుకు స్లాబు మీదనే వేయడం మనవైపు అలవాటు; ప్రమాణం ప్రకారం అది పిల్లరు ఎత్తులో మధ్యభాగంలో రావాలి.

మేస్త్రితో మీకు అసలు గొడవ వచ్చేది తొమ్మిది ఇంచీల పిల్లరు దగ్గర. గోడలో కలిసిపోయి గదిలోకి పొడుచుకు రాకుండా ఉంటుందని అందరూ దాన్నే ఇష్టపడతారు. 2016 నాటి ప్రమాణం ప్రకారం పిల్లరు ఏ పక్కా 300 మిల్లీమీటర్లకు, అంటే దాదాపు పన్నెండు ఇంచీలకు తగ్గకూడదు. గది మూలలో మూడు ఇంచీల పొడుచుకు బదులు ముడిలో రాడ్లకు చోటు దొరుకుతుంది, పిల్లరు బీముకన్నా బలంగా ఉంటుంది. బీము ముందు దెబ్బతింటే ఇల్లు పగుళ్లతో నిలుస్తుంది, పిల్లరు ముందు పోతే కూలుతుంది. వీటన్నిటికీ కలిపి అయ్యే అదనపు ఖర్చు మొత్తంలో కొద్ది శాతమే. ఫాల్స్ సీలింగ్‌కు, గేటుకు పెట్టేదానితో పోల్చుకుంటే మీకే తెలుస్తుంది. తరువాత మరో అంతస్తు వేసే ఉద్దేశం ఉంటే ఆ మాట ఇప్పుడే ఇంజనీరుకు చెప్పండి. పై నీళ్ల ట్యాంకును ఇటుకల దిమ్మెల మీద వదులుగా నిలబెట్టకండి, పిట్టగోడకు పిల్లర్ల నుంచి రాడ్లు తీసుకోండి.

అమ్మగారి ఇల్లు అదే 2002 పటంలో రెండో మండలంలో ఉంది, అక్కడ భూకంపం ఇంకా అరుదు. అయినా నేను మొదట చూడమనేది ఆ ఇంటినే, ఎందుకంటే కిల్లారి గోడకూ ఆ గోడకూ పెద్ద తేడా ఉండదు. గోడను పడగొట్టనక్కర్లేదు. ప్రతి రెండు అడుగుల ఎత్తుకు, నాలుగు అడుగుల పొడవుకు ఒకచోట జాగ్రత్తగా రాళ్లు తీసి, ఈ పక్క నుంచి ఆ పక్కకు రంధ్రం చేసి, కొక్కేలున్న రాడ్డు పెట్టి కాంక్రీటు నింపితే రెండు వరుసలూ ఒకదానికొకటి పట్టుకుంటాయి. తలుపుల పైమట్టానికి ఇంటి చుట్టూ లోపలా బయటా వెల్డెడ్ మెష్ (ఇనుప వల) పట్టీ బిగించి సిమెంటు పూత పూస్తే నాలుగు గోడలూ కలిసి కదులుతాయి, మూలలు విడిపోవు. ఈ పని తెలిసిన ఇంజనీరు దగ్గరుండి, ఒక్కసారిగా కాకుండా విడతలుగా చేయించాలి. ఎండాకాలంలో పెట్టుకోండి.

కానీ గోడల పని దాకా ఆగకుండా ముందే చేయదగ్గది ఒకటుంది. మిద్దె కారకుండా ఏటా వానలకు ముందు చౌడు మట్టి వేయడం మీకు తెలిసినదే; పాతది తీయకుండా కొత్తది వేస్తూ పోతే యాభై ఏళ్లలో అది అడుగు దాటుతుంది, దూలాల మీద టన్నుల బరువు చేరుతుంది. దాన్ని దించి, మందపాటి పాలిథీన్ పట్టా పరిచి, మీద మూడు నాలుగు ఇంచీల చౌడు మాత్రమే వేయించండి. దించేటప్పుడు ఒక పక్కనే ఖాళీ చేయకుండా మిద్దె అంతటా సమంగా తీయాలి, తీసే రోజుల్లో అమ్మగారు ఆ కప్పు కింద పడుకోకూడదు.